విచెంజా నగరపు పాత నాటకశాల



ఇటలీ దేశమున, వెనిస్ నగరమునకు పడమరగా, విచెంజా అను చిన్న నగరము కలదు. 1555లో అచ్చటి విద్యాప్రియులు కొందరు ఒలింపికో అను పేర నొక సమాజమును స్థాపించిరి. ప్రభువులు, పండితులే గాక, రాతిపనివాడుగా జీవితమారంభించి వాస్తుశిల్పిగా పేరొందిన ఆంద్రేయా పల్లాడియోయు అందు సభ్యుడు. వీరికి నాటకములన్న మిక్కిలి మక్కువ. ఆడుటకు మాత్రము స్థిరమైన తావు లేదు. 1561లోను, 1562లోను నగర సభాభవనమున కొయ్యతో రంగస్థలము కట్టి, నాటకము ముగియగానే విప్పివేసిరి. పెండ్లిపందిరివలె ఎన్నిమారులని వేసి తీయుదురు? కడకు 1580లో, ఒక పాత కోటలోని చెరసాల స్థలము వారికి లభించినది.

ఫిబ్రవరిలో పని మొదలిడిరి. ఆగస్టులో పల్లాడియో మరణించెను. గోడలు లేచుటను గూడ ఆయన పూర్తిగా చూడలేదు. ఆయన గీసిన పటములను బట్టి కుమారుడు సిల్లా పని సాగించెను.

రోమనుల నాటకశాలలలో ప్రేక్షకుల మెట్లు అర్ధవృత్తముగా నుండును. ఈ స్థలము చాలదు గనుక పల్లాడియో వానిని కోడిగ్రుడ్డును నిలువున కోసినట్లు అర్ధదీర్ఘవృత్తముగా అమర్చెను. ఎదుట రంగస్థలమునకు వెనుక, స్తంభములతోను ప్రతిమలతోను నిండిన గొప్ప గోడ. చూచుటకు చలువరాయి, తట్టి చూచిన ఇటుక, కొయ్య, గార. సమాజమువారు ధనికులే అయినను, రాతితో కట్టింపగలిగినంత ధనికులు కారు. అయినను తమ ప్రతిమలను తమ ఖర్చుతోనే, రోమక వేషములతో ఆ గోడపై నిలుపుకొనిరి. దాతల పేర్లు గోడలపై చెక్కించు ఆచారమెరిగిన వారికి ఈ ముచ్చట క్రొత్తగా తోచదు.

గోడలోని ద్వారముల వెనుక కనిపించు వీధులు విచెంజో స్కమోట్సి అను శిల్పి కూర్పు. సొఫోక్లీసు రచించిన ఈడిపస్ నాటకమునకై థీబ్స్ నగరము కావలసివచ్చినది. ఆయన కొయ్యతోను గారతోను ఏడు వీధులు కట్టెను. మన నాటక కంపెనీల వీధితెర బట్టపై వ్రాసినది. ఇది నిజముగా లోనికి పోవు వీధి. నేల క్రమముగా పైకెక్కును, మేడలు క్రమముగా కురుచబడును. కొద్ది గజములే అయినను కన్నులకు చాల దూరముగా తోచును. ఇందొక చిక్కు కలదు: నటుడు వీధిలోనికి నడచినచో, మేడలకంటె ఎత్తైన రాక్షసునివలె కనబడును. మేడల చాటున గాజు పాత్రలలో నూనెదీపములు వెలిగించి వీధులకు వెలుగు నిచ్చిరి.

1585 మార్చి 3వ తేదీన తొలి ప్రదర్శన జరిగినది. ఆంద్రేయా గాబ్రియేలి బృందగానములకు సంగీతము కూర్చెను. ఈడిపస్ పాత్ర ధరించినవాడు ఆద్రియా ఊరి కవి లుయీజీ గ్రోతో. కథాంతమున ఈడిపస్ తన కన్నులు తానే పొడుచుకొనును. గ్రోతో శైశవమునుండియు అంధుడు. అంతటి శ్రమతో కట్టిన ఏడు వీధులను, వాని దీపములను, ఆ రాత్రి నాయకుడొక్కడే చూడలేదు. ఆ సంవత్సరాంతముననే అతడు మరణించెను.

ఒక్క నాటకమునకై కట్టిన ఆ వీధులను మరల విప్పలేదు. తరువాతి కాలమున ఇచ్చట నాటకములు చాల అరుదైనవి. ఆ యుగపు కొయ్య నాటకశాలలెన్నో అగ్నికాహుతియైనవి. దీపములు తరచుగా వెలుగకుండుటయే దీనికి రక్ష యైనదని చెప్పవచ్చును. ఆడని నాటకశాల నాటకశాల యగునా అన్నచో, సమాధానము తేలిక కాదు. 1786లో జర్మను మహాకవి గేటే వచ్చి చూచినదియు కట్టడమునే.

1994లో యునెస్కో విచెంజా నగరమును ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. ఇప్పుడు కొన్ని ఋతువులలో నాటకములు, సంగీతసభలు మరల జరుగుచున్నవి. కొయ్య చెడకుండ ప్రేక్షకుల సంఖ్యకు హద్దు నిర్ణయించిరి. నూనెదీపముల స్థానమున విద్యుద్దీపములు వచ్చినవి. థీబ్స్ వీధులు మాత్రము, ఈడిపస్ నాడు నిలిపినట్లే, గోడ వెనుక నిలిచియున్నవి.