కీబోర్డు తలరాత మనమే రాద్దాం

కీబోర్డు మీద ఎ నొక్కితే కంప్యూటర్‌కి వెళ్ళేది అక్షరం కాదు, 4 అనే నంబరు. దాన్ని అక్షరంగా మార్చే పని ఆపరేటింగ్ సిస్టమ్‌ది. అందుకే తెలుగు ఇన్‌స్క్రిప్ట్ పెట్టుకుంటే అదే కీ ఓత్వం వేస్తుంది. మరి ఏ కీకి ఏ నంబరు పంపాలో ఎవరు తేలుస్తారు? కీబోర్డులోని చిప్‌లో ఉండే ఫర్మ్‌వేర్. ఈ రోజు దాన్ని మార్చేద్దాం.

మనం వాడేది క్యూఎంకే. జున్ వాకో రాసిన టీఎంకే ఆధారంగా జాక్ హంబర్ట్ మొదలుపెట్టిన ప్రాజెక్టు. ఉచితం, కోడంతా మన ముందే ఉంటుంది.

టెర్మినల్‌లో క్యూఎంకే సెటప్ కొట్టండి, కావాల్సినవన్నీ అదే దింపుకుంటుంది. తర్వాత మీ బోర్డు పేరు, దాని రివిజన్ రెండూ సరిచూసుకోండి. రివిజన్ మారితే పిన్నులు మారిపోవచ్చు. అప్పుడు ఫ్లాష్, అంటే ఫర్మ్‌వేర్‌ని చిప్‌లోకి ఎక్కించడం, సాఫీగా అయిపోయినా కీలు పలకవు.

ఇప్పుడు కీమ్యాప్ ఫైల్ తెరుద్దాం. చిటికెన వేలి పక్కనే అంత మంచి చోటు క్యాప్స్ లాక్‌కి దండగ అని నా గట్టి అభిప్రాయం. ఆ కీని తట్టి వదిలితే ఎస్కేప్, పట్టి ఉంచితే కంట్రోల్ అయ్యేలా పెడదాం. ఒక్క పదం మారిస్తే చాలు, స్క్రీన్ మీద చూడండి. తట్టడానికీ పట్టడానికీ మధ్య గీత మామూలుగా 200 మిల్లీసెకన్లు. చిక్కు ఇక్కడే ఉంది. మీ చెయ్యి జోరుగా ఉండి, ఆ లోపే కంట్రోల్-సి కొట్టి వదిలేస్తే కాపీ అవదు, ఎస్కేప్ పడి పక్కన సి పడుతుంది. అందుకని కాన్ఫిగ్ ఫైల్‌లో 'హోల్డ్ ఆన్ అదర్ కీ ప్రెస్' చేర్చండి. ఈ కీ కింద ఉండగా ఇంకోటి నొక్కారా, వెంటనే కంట్రోల్ అయిపోతుంది.

ఇక కంపైల్. పాత ఏటీమెగా32యూ4 చిప్ అయితే జాగా 32 కిలోబైట్లే. అందులో ఫర్మ్‌వేర్‌ని లోపలికి ఎక్కించే బూట్‌లోడర్ 4 తీసుకుంటే మనకి మిగిలేది 28,672 బైట్లు. లైటింగ్ ఎఫెక్టులు ఎక్కువ పెడితే పట్టదని ఎర్రర్ ఇస్తుంది. వాటిని తగ్గించండి, కోడ్ సైజు తగ్గించే ఎల్‌టీఓ ఆన్ చేయండి.

ఫ్లాష్ చేసేటప్పుడు బోర్డు పాడవుతుందేమోనని చాలామందికి భయం. అక్కర్లేదండీ! మామూలుగా ఫ్లాష్ చేస్తే బూట్‌లోడర్ జోలికి పోదు. ఆర్‌పీ2040లో అయితే అది చిప్ రోమ్‌లోనే ఉంటుంది, చెరపడం కుదరదు. బూట్ బటన్ పట్టుకుని కేబుల్ పెడితే పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది, యూఎఫ్2 ఫైల్ అందులో వేస్తే పని అయిపోయినట్టే. ఏటీమెగా32యూ4 ఉండే ప్రో మైక్రో బోర్డు అయితే ముందు ఫ్లాష్ కమాండ్ ఇచ్చి, అది ఎదురుచూస్తుండగా రీసెట్, గ్రౌండ్ పిన్నులు రెండుసార్లు చకచకా కలపండి. దాదాపు 8 సెకన్లే టైమ్, కమాండ్ ముందే ఇమ్మన్నది అందుకే.

ఫ్లాష్ చేసే ముందు ఇంకొక్కటి. కీమ్యాప్‌లో రెండో లేయర్‌లో ఎక్కడో ఒక చోట బూట్‌లోడర్‌ని లేపే క్యూకే బూట్ కీ పెట్టుకోండి. మళ్ళీ మార్చాల్సి వస్తే స్క్రూలు విప్పే పని ఉండదు.