చదువూ, సంపాదనా - ఇంటి పెద్దబిడ్డ
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉదయం పంచాంగశ్రవణంలో ఏ రాశివారికి ఆదాయమెంతో, వ్యయమెంతో విన్నాము. కోయంబత్తూరు, మదురై ప్రాంతముల మన ఇండ్లలో ఆ రెండు అంకెలూ నిజముగా పోట్లాడేది ప్లస్ టూ ఫలితాలు వచ్చిన వారంలో. పిల్లవాడు యూనివర్సిటీ అంటాడు. తండ్రి ఏమీ అనడు. తల్లి మాత్రం, "నీ వెనుక ఇంకా ఇద్దరున్నారు నాయనా" అంటుంది. ఆ ఒక్క మాటతో ఎందరి చదువులు ఆగినవో!

ఈ సమయాన మన పెద్దలు జి.డి. నాయుడుగారిని తెచ్చి నిలబెడతారు, "ఆయన ఏ కాలేజీలో చదివినాడు?" అని. నిజమే. బడి మానినారు, హోటలులో సర్వరుగా పనిచేసినారు, 1920లో పొల్లాచ్చి-పళని నడుమ బస్సు నడిపినారు. కాని 1945లో కోయంబత్తూరులో సాంకేతిక విద్యాలయం వెలయుటకు పాటుపడినదీ ఆ నాయుడుగారే. ఆ సంగతి మాత్రం పెద్దలు చెప్పరు!

నాకు తోచిన ఉదాహరణ మదురైలో ఉన్నది. డాక్టరు గోవిందప్ప వెంకటస్వామిగారు 1918లో వడమలాపురమనే పల్లెలో రైతుబిడ్డగా పుట్టి, మదురై అమెరికన్ కాలేజీలో రసాయనశాస్త్రం చదివినారు. 1944లో మద్రాసు స్టాన్లీ వైద్య కళాశాలలో పట్టా పొంది సైన్యంలో చేరినారు. కీళ్ళవాతంచేత 1948లో అది విడువవలసి వచ్చినది. వ్రేళ్ళు వంకరపోయినా కంటివైద్యం నేర్చినారు. ఇంటి పెద్దకొడుకుగా తోబుట్టువుల చదువులూ, పెండ్లిండ్లూ భుజాన వేసుకొన్నారు, తాము పెండ్లాడలేదు. 1976లో ఉద్యోగ విరమణానంతరం 11 పడకలతో అరవింద కంటి ఆసుపత్రి తెరిచినప్పుడు, కంటివైద్యురాలైన చెల్లెలు డాక్టరు నాచ్చియారుగారు మొదలైన తోబుట్టువులే వెంట నిలిచినారు.

పెండ్లి మానుకొన్నందుకు వారిని ఆదర్శమని చెప్పుట లేదు. అందరి బిడ్డలనూ అది కోరుట అన్యాయం. నేను చూచేది వరుస. ముందు చదువు పూర్తి అయినది, తరువాత ఆ చదువు ఇంటిని మోసినది. పదునెనిమిదేండ్ల బిడ్డను మిల్లులో నిలబెడితే ఇంటికి వచ్చేది ఆ నెలజీతమొక్కటే.

ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. మూడేండ్లు పనిచేస్తే పెండ్లికి ఒక మొత్తం ఇస్తామనే 'సుమంగలి' ఏర్పాటును నమ్మి, ఈ సీమ నూలుమిల్లులకు ఎన్నో పేదయిండ్లు బిడ్డలను పంపినవి. డిగ్రీకి పట్టేదీ మూడేండ్లే గదా!

దారులు లేకపోలేదు. ఇంట మొదటి పట్టభద్రులకు వృత్తివిద్యలో ట్యూషన్ ఫీజు రాయితీ 2010లో వచ్చినది. ప్రభుత్వ బడిలో చదివి కాలేజీకి పోయే ఆడపిల్లకు నెలకు 1,000 రూపాయల 'పుదుమైప్పెణ్' పథకం 2022లోనూ, మగపిల్లలకు 'తమిళ్ పుదల్వన్' 2024 ఆగస్టులో మన కోయంబత్తూరులోనే మొదలైనవి. పేరులో తమిళమున్నదని వెనుదీయకండి; ఇంట తెలుగు మాట్లాడుట దానికి అడ్డు కాదు. ఇంటికి వెంటనే డబ్బు కావలెనంటే, పాలిటెక్నిక్ డిప్లొమాతో ఉద్యోగంలో చేరి, తరువాత బి.ఇ. రెండవ సంవత్సరంలోనే ప్రవేశింపవచ్చు.

మరొక మాట. పెద్దవాడు చదివేటప్పుడు ఇల్లు ఎంత పెట్టినదీ, తరువాత అతడు చిన్నవారికి ఎన్నేండ్లు ఎంత ఇచ్చేదీ, ఒక కాగితంపై వ్రాసుకొండి. అయినవారి నడుమ లెక్కలేమిటని నొచ్చుకోవద్దు. గడువు లేని బాధ్యతే అన్నదమ్ములను విడదీస్తుంది.

ఆదాయ ధ్రువపత్రం, మొదటి పట్టభద్రుల పత్రం ఫలితాలు వచ్చిన తరువాత పరుగెత్తి తెచ్చేవి కావు. ఈ చైత్రమాసంలోనే తాలూకా ఆఫీసుకు పోయి అర్జీ పెట్టండి.