ఆమె వచ్చినప్పుడు ఏమి చెబుదాం?



క్యాతగానచెర్లులాంటి ఊళ్లలో భర్త చేతి దెబ్బలు తిన్న స్త్రీ మొదటే పోలీసుల దగ్గరకు వెళ్లదు. తల్లికో పక్కింటి అక్కకో చెబుతుంది. చాలామంది ఎవరికీ చెప్పరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో శారీరక, లైంగిక హింసకు గురైన స్త్రీలలో సహాయం కోరినవారు 14 శాతమే.

కొందరు సంఘానికి వస్తారు. కాపరులమైన మేము ఏం చేశాం? "ఓర్చుకో అమ్మా, ప్రార్థన చెయ్యి" అని అదే ఇంటికి పంపాం. ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయంలో భార్యలకు చెప్పిన మాట గట్టిగా చదివాం, భర్తలకు చెప్పినది మెల్లగా చదివాం. అది మా తప్పే.

ఇకనుండి ముందు ఆమె మాట నమ్ముదాం. భర్తను ఎదురుగా కూర్చోబెట్టి రాజీ చేయించవద్దు. ఇంటికి వెళ్లాక దెబ్బలు తినేది ఆమే. ఈ రాత్రి ప్రాణభయం ఉందా అని అడుగుదాం. ఉంటే 112కు ఫోన్ చేద్దాం. మహిళా సహాయవాణి 181. గాయాలుంటే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి, ఆ కాగితాలు దాచిపెడదాం.

2005 గృహహింస చట్టం కింద రక్షణాధికారి ద్వారా మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టుకోవచ్చు. కాపురమున్న ఇల్లు ఎవరి పేరున ఉన్నా, అందులో ఉండే హక్కు ఆమెకుంది. వకీలును ఉచితంగా ఇస్తారు. ఇరుగుపొరుగువారు కూడా అధికారికి సమాచారం ఇవ్వవచ్చు.

యౌవనస్థులారా, అర్జీ రాయడానికి, ఆఫీసుకు తోడు వెళ్లడానికి మీరు కావాలి. ఆమె ఒప్పుకుంటేనే అడుగు వేద్దాం, ఆమె పేరు బయటపెట్టకుండా ప్రార్థిద్దాం. ఆమేన్.