దాడి తర్వాతి బాధ్యత

ప్రార్థనాస్థలాల్లో ఉగ్రవాదుల చేతిలో ప్రాణాలు కోల్పోయినవారి స్మృతికి ఈ ఉపన్యాసం అంకితం. గుడి, మసీదు, చర్చి, గురుద్వారా ఏదైనా సరే, ముక్కూమొహం తెలియని మనిషిని కూడా లోపలికి రానిచ్చే చోటు. హంతకుడు దాన్ని ఎంచుకునేది అందుకే. అక్కడ కొందరిని చంపితే ఆ సమాజమంతా భయపడుతుంది, పక్కవాడి మీద అనుమానం పెరుగుతుంది. అతనికి కావలసింది ఆ అనుమానమే. కాబట్టి బాంబు పేలినంత మాత్రాన అతని పని పూర్తికాదు. ఆ తర్వాత పోలీసులు, కోర్టులు, ప్రభుత్వాలు, పౌరులు ఎలా నడుచుకుంటారన్న దాన్నిబట్టే అతను గెలిచాడో ఓడాడో తేలుతుంది. అసలు దోషిని పట్టుకుని సాక్ష్యాలతో నేరం రుజువు చేయడమే మృతులకు మనం అర్పించగల నిజమైన నివాళి అన్నది నా వాదం. గత అరవై ఏళ్ల చరిత్రలో దీనికి రుజువులున్నాయి.

అమెరికాలోని బర్మింగ్‌హామ్‌తో మొదలుపెడతాను. 1963 సెప్టెంబర్ 15, ఆదివారం. నల్లజాతివారి పౌరహక్కుల ఉద్యమానికి కూడలిగా ఉన్న 16వ వీధి బాప్టిస్టు చర్చిలో శ్వేతజాతి దురహంకార సంస్థ కూ క్లక్స్ క్లాన్ సభ్యులు పెట్టిన డైనమైట్ పేలి నలుగురు బాలికలు చనిపోయారు. ముగ్గురికి పద్నాలుగేళ్లు, ఒకరికి పదకొండు. ఎఫ్‌బీఐ రెండేళ్లలోపే అనుమానితులను గుర్తించింది. అయినా ఎవరి మీదా అభియోగం మోపకుండానే 1968లో దర్యాప్తు ముగించారు. మొదటి శిక్ష 1977లో, చివరి శిక్ష 2002లో పడింది. ముప్ఫై తొమ్మిదేళ్లు! నల్లపిల్లల ప్రాణానికి విలువ లేదని క్లాన్ డైనమైట్‌తో చెప్పింది. అన్నేళ్ల జాప్యం కూడా ఆ తల్లిదండ్రులకు అదే మాట చెప్పింది.

మన నేల మీద జరిగిన తప్పు ఇంకో రకం. 2007 మే 18, శుక్రవారం. హైదరాబాద్ మక్కా మసీదులో నమాజు వేళ బాంబు పేలి తొమ్మిదిమంది చనిపోయారు. తర్వాత చెలరేగిన ఆందోళనలో పోలీసు కాల్పులకు మరో ఐదుగురు బలయ్యారు. ఆపైన పాతబస్తీలో పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకుపోయారు, కొందరి మీద కుట్ర కేసులు పెట్టారు. కోర్టుల్లో ఆ కేసులు నిలబడలేదు. దర్యాప్తు సీబీఐకి, అక్కడినుంచి ఎన్‌ఐఏకు మారింది. ఈసారి హిందూ తీవ్రవాదులన్న ఆరోపణతో వేరేవారిని బోనెక్కించారు. 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక కోర్టు విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ నిర్దోషులుగా ప్రకటించింది. గాంధీనగర్ అక్షర్‌ధామ్‌లో 2002 సెప్టెంబర్ 24న మందిరంపై జరిగిన ఉగ్రదాడిలో ముప్ఫైమందికి పైగా హతమయ్యారు. ఆ కేసులో ఉరిశిక్ష పడిన ముగ్గురితో సహా ఆరుగురినీ 2014 మే 16న సుప్రీంకోర్టు నిర్దోషులుగా విడుదల చేసి, దర్యాప్తు తీరును తీవ్రంగా తప్పుపట్టింది. ఒకచోట బలైనది మసీదు, మరోచోట మందిరం. రెండుచోట్లా ఆప్తులను పోగొట్టుకున్నవారికీ న్యాయం అందలేదు, జైలుపాలై నిర్దోషులుగా తేలినవారికీ అందలేదు.

దేశ భద్రత ప్రమాదంలో ఉన్నప్పుడు అనుమానితులను పట్టుకోక చేతులు కట్టుకుని కూర్చోవాలా అని కొందరు అడుగుతారు. సబబైన ప్రశ్నే. అనుమానం దర్యాప్తుకు మొదటి మెట్టు, కాదనను. కానీ అదే ఆఖరి మెట్టు కాకూడదు. తప్పుడు మనిషిని నిర్బంధించిన ప్రతిరోజూ అసలు దోషికి దొరికిన వెసులుబాటే. ఆలోగా ఆధారాలు చెదిరిపోతాయి, సాక్షులు దూరమవుతారు. పైగా, సమాచారం ఇవ్వగలిగిన బస్తీ జనమే పోలీసును చూసి తలుపేసుకుంటుంది. తొందరపాటు అరెస్టులు భద్రతను పెంచవు, తగ్గిస్తాయి.

ఇదంతా మతంలోనే ఉన్న జబ్బు, ఆ మతస్థుల మీద నిఘా పెడితే సరిపోతుంది అనేవారూ ఉన్నారు. వారికి శ్రీలంక తూర్పుతీరంలోని కాత్తాన్‌కుడి జవాబు చెబుతుంది. 1990 ఆగస్టు 3న అక్కడి రెండు మసీదుల్లో నమాజు చేస్తున్న వందమందికి పైగా ముస్లింలను కాల్చి చంపింది ఏ మతరాజ్యమూ కోరని తమిళ వేర్పాటువాద సంస్థ ఎల్‌టీటీఈ అని దాదాపు అందరి నిర్ధారణ. 2019 ఏప్రిల్ 21 ఈస్టర్ నాడు మూడు చర్చిల్లో, మూడు హోటళ్లలో రెండువందల యాభైమందికి పైగా చంపిన ముఠా నాయకుడిదీ అదే ఊరు. అతని ప్రసంగాల గురించి ముందే అధికారులకు ఫిర్యాదు చేసింది అక్కడి ముస్లింలే. ఏప్రిల్ 4నే భారత నిఘావర్గాలు కూడా హెచ్చరించాయి. ఆ హెచ్చరికలను పెడచెవిన పెట్టినందుకు 2023లో శ్రీలంక సుప్రీంకోర్టు మాజీ అధ్యక్షుడినే పరిహారం చెల్లించమని ఆదేశించింది. ఇక 2017 నవంబర్‌లో ఈజిప్టులోని రౌదా మసీదులో శుక్రవారం నమాజు చేస్తూ ఉగ్రవాదుల దాడిలో నేలకొరిగిన మూడువందల పైచిలుకు మందీ ముస్లింలే. ఒక మతం మీద మొత్తంగా నిఘా పెడితే, ప్రమాదాన్ని ముందుగా చెప్పగలిగినవారినే శత్రువులను చేసుకుంటాం.

మరో దారి ఉందని న్యూజిలాండ్ చూపింది. 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్‌లోని రెండు మసీదుల్లో శ్వేతజాతి దురహంకారి ఒకడు 51 మందిని బలిగొన్నాడు. మృతుల్లో మన తెలంగాణవారూ ఉన్నారు. నెల తిరగకముందే పార్లమెంటు చాలా రకాల సెమీ ఆటోమేటిక్ తుపాకులను నిషేధిస్తూ చట్టం చేసింది. ఒకే ఒక్క సభ్యుడు వ్యతిరేకించాడు. హంతకుడికి పెరోల్ లేని యావజ్జీవం పడింది. అన్నిటికన్నా ముఖ్యమైనది ఈ దాడిపై విచారణ జరిపిన రాయల్ కమిషన్. నిఘాసంస్థలు ఇస్లామిస్టు తీవ్రవాదం మీదే తగని స్థాయిలో దృష్టి పెట్టాయని, తుపాకీ లైసెన్సుల జారీలో పోలీసులు విఫలమయ్యారని అది తేల్చింది. ఆ నివేదికను 2020 డిసెంబర్‌లో ప్రజల ముందుంచి ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. అది చిన్నదేశం, ధనికదేశం, మనకు పోలికేమిటని అనవచ్చు. తప్పును ఒప్పుకుని నివేదికను బయటపెట్టడానికి డబ్బు అక్కర్లేదు, చిత్తశుద్ధి కావాలి.

అందుకే ఈ సభ ద్వారా కోరేది మూడు విషయాలు. ఇలాంటి కేసుల్లో దర్యాప్తు ఎక్కడ తప్పిందో తీర్పు వెలువడ్డాక నిష్పక్షపాతంగా సమీక్షించి ప్రచురించాలి. నిర్దోషులుగా తేలినవారికి పరిహారాన్ని దయగా కాక చట్టబద్ధమైన హక్కుగా ఇవ్వాలి. నేరం రుజువు కాకముందే ఒక సమాజాన్ని దోషిగా నిలబెట్టే రాతను, మాటను మనమే తిరస్కరించాలి. మక్కా మసీదు పేలుడు కేసులో ఈనాటికీ శిక్షపడిన దోషి లేడు. ఆ తొమ్మిదిమందిని చంపిందెవరని అడిగే హక్కు వారి కుటుంబాలకే కాదు, మనందరికీ ఉంది. జవాబు వచ్చేదాకా అడుగుదాం.