మెట్టసీమకు దారులు – మన కర్తవ్యము
(వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగము)



 కులోన్నతినిగూర్చి ప్రసంగింపుడని మీరు మమ్ము నియోగించినారు. ఉన్నతికి మొదటి మెట్టు దారియని మా నమ్మకము. కావున దారులనుగూర్చియే విన్నవింతుము.

మన కులనామమే దారినుండి పుట్టినది. పెరిక యనగా ఎద్దువీపున ఇరుప్రక్కల వ్రేలాడు గోనెసంచి. గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి, కంభము చెరువును నింపి, ఒంగోలు దాపున సముద్రమున గలియుచున్నది. నీరు దిగువకు బోవ, ఉప్పు ఎగువకు వచ్చెడిది. కనపర్తి, చినగంజాము వంటి చోట్ల కొటారులలో పండిన ఉప్పును ఎడ్లపై నెత్తి మెట్టసీమకు జేర్చిన వారిలో మన పెద్దలును, లంబాడీలును గలరు. నల్లమల దాటి నంద్యాలకు బోవుటకు నందికనుమయే దారి.

బండి పోలేని చోటికి పెరికెద్దు పోగలదు. కాని దానికి దారిపొడవున గడ్డియు నీరును గావలెను. 1876–78 నాటి ధాత కరవున ఈ లోపమే ప్రాణాంతకమైనది. అప్పుడు కంభము, మార్కాపురము తాలూకాలు కర్నూలు జిల్లాలోనివి. ఆ జిల్లా మిక్కిలి నష్టపడిన వానిలో నొకటి. రేవులలో ధాన్యము దిగినను, ఎడ్లు చచ్చుటచే లోపలి గ్రామములకు జేర్చుట దుర్లభమైనది. చేరిన కొంచెమును కొనుటకు పేదలయొద్ద ద్రవ్యము లేదు.

1880లో కరవు కమీషను రైలుమార్గముల యావశ్యకతను నొక్కి చెప్పెను. పిమ్మట గుంతకల్లునుండి నంద్యాల, గిద్దలూరు, కంభము, దొనకొండల మీదుగా గుంటూరు దిక్కునకు మీటరుగేజి మార్గము వేయబడినది. నల్లమలలో సొరంగము త్రవ్విరి. దొరబావి లోయపై ఎత్తైన వంతెన గట్టిరి. కోస్తాలో పెదగంజామునుండి చెన్నపట్టణము దిక్కునకు బకింగ్‌హాము కాలువపై పడవలు సాగినవి. తూర్పున పడవయు, పడమట రైలును ఉప్పును మోయగా, పెరికెద్దునకు పని తప్పినది.

ప్రాణములు నిలుపు దారియే మన వృత్తిని హరించినది. దీనికై ఆ దారిని నిందింపరాదు. దాని పాఠమును మాత్రము గ్రహింపవలెను. మార్కాపురపు పలకలు దేశమంతట బిడ్డల చేతులకు జేరినవి. సరకు గలవానికి దారి లాభము. మోతయే సరకైనవానికి క్రొత్తదారి నష్టము.

1990 దశకమున ఆ మార్గము బ్రాడుగేజిగా మారినది. దొరబావి పాతవంతెన విడువబడినది. నేడు 544డి జాతీయరహదారి గిద్దలూరు, కంభముల మీదుగాను, 565వది మార్కాపురము మీదుగాను బోవుచున్నవి. మన యువకులలో లారీ నడపువారు గలరు. వారును పెద్దలవలెనే మోతను అమ్ముకొనుచున్నారు, వాహనము పరులది. కావున వారు నలుగురైదుగురు కూడి సొంత వాహనము గొనుటకు మన నిధినుండి అప్పు ఇయ్యవలెనని మా మొదటి మనవి. పల్లెలనుండి మార్కాపురమునకు వచ్చి చదువు బాలికలకు వసతిగృహ మేర్పరచుట రెండవది. బస్సు తప్పిన దినమున బడి మానెడి పిల్లకు దారియుండియు లేనట్లే.

మూడవది మనకై కాదు. ఎర్రగొండపాలెము అడవిలో పాలుట్లవంటి చెంచుగూడెములు గలవు. దారిలేని గూడెములో రోగిని, గర్భిణిని డోలీపై మోసికొని రావలసినదే. పులుల అభయారణ్యపు నిబంధనలు గలవనుట నిజము. ఐనను రోగిని వైద్యునియొద్దకు జేర్చునంతటి మార్గమునకై వారితోకూడ మనమును ప్రభుత్వమున కర్జీ పెట్టుకొనవలెను. దారిలేనిచోటికి సరకు జేర్చుటయే మన కులధర్మముగా నుండెను. మోత పోయినను ఆ ధర్మము పోలేదు.

ఈ మూడింటిని మహాసభ తీర్మానములుగా నంగీకరింప ప్రార్థించుచున్నాము. మార్కాపుర చెన్నకేశవస్వామి మన సంకల్పమును సఫలము గావించుగాక!