డ్రోన్ సంచిలోనే ఉన్న సాయంత్రం

(సేవాలాల్ జయంతి సభలో మా ఫొటోగ్రఫీ బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



"పొద్దుగూకే ఫొటోలు బాగా తీస్తారట కదా, వాటి గురించి పది నిమిషాలు మాట్లాడండి" అని సంఘం పెద్దలు అడిగారు. మేము నలుగురం. రాజేంద్రనగర్‌లో అద్దెకుంటాం. ఇద్దరం చదువుకుంటున్నాం, ఒకరు ఫొటో స్టూడియోలో, ఒకరు శంషాబాద్‌లో గోదాంలో పనిచేస్తున్నాం. తలా కొంత వేసుకుని ఒక పాత డ్రోన్ కొన్నాం. 250 గ్రాముల లోపుది, అరచేతిలో పడుతుంది. అది మాకు నేర్పిన రెండు పాఠాలు ఇవాళ మీ ముందు పెడతాం. మొదటిది మా తప్పు.

డ్రోన్ కొన్న ఏడాదే శ్రావణంలో తీజ్ పండక్కి తాండాకు పోయాం. తొమ్మిది రోజులు నీళ్లు పోసి పెంచిన గోధుమ మొలకల బుట్టలు నెత్తిన పెట్టుకుని ఆడపిల్లలు చెరువుకు నడుస్తున్నారు. మబ్బులు విడిపోయి పడమటి ఎండ చెరువు మీద పరుచుకుంది. అంతకంటే మంచి వెలుగు మళ్లీ దొరకదనిపించి డ్రోన్ లేపాం. పిల్లలు తలెత్తి చూశారు. పాట ఆగిపోయింది. ఆ సంగతి వీడియోలో వినపడదు, ఎందుకంటే మా డ్రోన్ శబ్దమేదీ రికార్డు చేయదు.

ఆ రాత్రే వీడియో గ్రూపుల్లో పెట్టాం. తెల్లారి ఒక పిల్ల తండ్రి ఫోన్ చేశాడు. "నా బిడ్డ నీళ్లలో దిగినప్పటిది ఊరంతా చూస్తున్నది. ఎవర్ని అడిగి తీసిన్రు?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. వీడియో తీసేశాం. కానీ అప్పటికే ఎక్కడెక్కడికి పోయిందో మా చేతిలో లేదు. ఆ అన్న ఇవాళ ఈ సభలో ఉంటే, మరోసారి క్షమించమని అడుగుతున్నాం.

రెండో పాఠం పోయిన ఫిబ్రవరిలో హిమాయత్ సాగర్ దగ్గర జరిగింది. 1908లో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచాక, నగరానికి అలాంటి ఆపద మళ్లీ రాకుండా కట్టిన రెండు జలాశయాల్లో ఇది ఒకటి. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ వాగు మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఫిబ్రవరిలో సూర్యుడు పడమరకు కాస్త దక్షిణంగా దిగుతాడు. శంషాబాద్ వైపు ఒడ్డున నిలబడితే నీళ్ల అవతల కుంకుతాడు. మాలో ఒకరి నాయనమ్మ తాండా నుంచి వచ్చి ఉంటే ఆమెను కూడా వెంట తీసుకుపోయాం.

సంచి విప్పబోతుంటే మాలో ఒకరు ఫోన్‌లో డిజిటల్ స్కై మ్యాప్ తెరిచారు. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ ప్రకారం ఆకాశాన్ని మూడు రంగులుగా విడదీశారు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 5 కిలోమీటర్ల లోపు ఎర్ర జోన్. అక్కడ కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరేయకూడదు. 5 నుంచి 8 కిలోమీటర్ల వరకు పసుపు. అక్కడ ఎంత కింద ఎగరేసినా విమాన రాకపోకల నియంత్రణ అధికారుల అనుమతి కావాలి. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల వరకు, ఆ పైన దూరంలో 400 అడుగుల వరకు ఆకుపచ్చ. మేము నిలబడ్డ చోట అనుమతి లేకుండా కుదరదని తేలింది.

"మనది నానో, పైలట్ సర్టిఫికెట్టే అక్కర్లేదు, ఎవరు చూస్తారు" అన్నారు ఒకరు. సర్టిఫికెట్ అక్కర్లేదన్న మాట నిజమే. జోన్ మాత్రం ఎంత చిన్న డ్రోన్‌కైనా జోనే. శంషాబాద్ రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది. సాయంత్రం పడమర ముఖంగా దిగే పైలట్‌కు ఎండ సూటిగా కళ్లలో పడుతుంది. రన్‌వేకు 5 కిలోమీటర్ల దూరంలో ఆ విమానం నేలకు 300 మీటర్ల లోపే ఉంటుంది. అంత వెలుగులో అరచేతి డ్రోన్ అతనికేం కనబడుతుంది? ఆ వేళకే కొంగలు కూడా గుంపులుగా గూళ్లకు తిరిగొస్తాయి. డ్రోన్ మోతకు బెదిరితే అవి ఎటు లేస్తాయో చెప్పలేం.

వాదన తెగక, పైకి పోతే మనకు దక్కేదెంతో లెక్క వేసుకున్నాం. చదునైన చోట 400 అడుగుల ఎత్తు నుంచి చూస్తే, నేల మీద నిలబడ్డవాడి కంటే ఒక నిమిషం చిల్లర ఎక్కువసేపు సూర్యుడు కనబడతాడు. 200 అడుగులకైతే ముప్పావు నిమిషం. ఆ నిమిషం కోసమా ఇంత తెగింపు అని సంచి జిప్పు వేసేశాం.

నాయనమ్మ ఇదంతా వింటూ ఒడ్డున కూర్చుంది. "దాన్ని పైకి పంపితే నేను కనబడతానా?" అని అడిగింది. "నెత్తిమీద టుక్రి కనబడుతుంది" అన్నాం. ఆమె నవ్వింది. అప్పుడు చూశాం ఆమె వైపు. సూర్యుడు నీళ్లకు బెత్తెడు ఎత్తులో ఉన్నాడు. ఎండ అడ్డంగా వచ్చి ఆమె కాంచళి అద్దాల మీద పడుతోంది. ఆమె కదిలినప్పుడల్లా చిన్న చిన్న వెలుగు చుక్కలు ఒడ్డు మట్టి మీద, మా చొక్కాల మీద పరుగెత్తాయి. పైనున్న కెమెరాకు ఆ అద్దాలు అందవు.

అడిగాం. "తీయండి" అంది. తీసినవన్నీ చూపిస్తే ఒకటి ఉంచమంది, రెండు తీసేయమంది. తీసేశాం. ఉంచమన్నదే ఈ సంచికలో మీరు చూసే ఫొటో.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకు పనికొచ్చే నాలుగు మాటలు. పొద్దు దిగేటప్పుడు వెలుగు నడినెత్తి మీద ఉన్నప్పటి కంటే దాదాపు 38 రెట్లు ఎక్కువ గాలిలోంచి వస్తుంది. దారిలో నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. కెమెరాను ఆటో వైట్ బ్యాలెన్స్‌కు వదిలేస్తే ఆ ఎరుపును సరిచేయాలని చూసి పాడుచేస్తుంది. 5500 దగ్గర ఆపండి. ఐఎస్ఓ 100 ఉంచి, ఎక్స్‌పోజర్ ఒక మెట్టు తగ్గించండి. సూర్యుడు కుంకగానే సర్దుకోకండి, అసలు రంగులు ఇంకో పావుగంటకు వస్తాయి. డ్రోన్ మీద ఇష్టముంటే పద్ధతిగా నేర్చుకోండి, మన రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనే పైలట్ శిక్షణ ఉంది.

చివరిగా సంఘానికి ఒక విన్నపం. మన తాండాల ఫొటోలు ఎవరెవరి ఫోన్లలోనో ఉన్నాయి. వాటిని ఒకచోట చేర్చుదాం. ఫొటోలో ఉన్నవాళ్ల ఇష్టం అడిగి, పేరు వేయమంటే పేరు వేసి, కింద గోర్‌బోలిలో తెలుగు అక్షరాలతో రెండు మాటలు రాద్దాం. వద్దన్నవి పక్కన పెడదాం.

వచ్చే తీజ్‌కు మేము మళ్లీ ఆ తాండాకే పోతున్నాం. అది విమానాశ్రయానికి చాలా దూరం, మ్యాప్‌లో ఆకుపచ్చే. అయినా ముందు నాయక్‌ను, ఆ తల్లులను, బుట్టలెత్తే పిల్లలను అడుగుతాం. ఒప్పుకుంటే పిల్లలు చెరువు చేరకముందే, పాట మొదలుకాకముందే ఖాళీ చెరువు మీద పొద్దును ఒకసారి తీసి దించేస్తాం. వద్దంటే సంచి విప్పం.

జై సేవాలాల్.