తేగల పాతర

చిన్ననాటి చిరుతిండ్లు అనగానే అరిసెలు, సున్నుండలు, జంతికలు ముందుగా మనసులో మెదలుతాయి. వాటి వైభవం వాటికి ఉన్నది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా లభించినది. నేను ఇప్పుడు ముచ్చటింపదలచినది అంతటి మర్యాదకు నోచుకోని తిండిని గురించి. దానికి నెయ్యి అక్కరలేదు, బెల్లం అక్కరలేదు. అది తాటి తేగ.

మా గోదావరి ప్రాంతపు పల్లెలో తాటిచెట్టు ఏడాదికి మూడు మార్లు పిల్లలను పిలిచేది: వేసవిలో ముంజెలకు, శ్రావణ భాద్రపదాలలో పండ్లకు, సంక్రాంతి దినాలలో తేగలకు. పండు తిన్న తరువాత టెంకలను పారవేసేవారు కారు. పెరటిలో ఇసుక కలిపిన గుల్లమట్టి పోసి, టెంకలను ప్రక్కప్రక్కన పేర్చి, పైన మట్టి కప్పేవారు. అదే తేగల పాతర. తాటిటెంక తీరు విచిత్రమైనది. అది తన మొలకను వెలుతురులోనికి పంపదు. ముందుగా భూమి లోపలికి దింపుతుంది. అలా దిగిన మొలకలో పిండి చేరి, మూడు నాలుగు నెలలలో తేగ ఊరుతుంది.

ఆ మూడు నాలుగు నెలలూ పిల్లలకు ఎంత పరీక్షో చెప్పలేను. మా చెల్లెలూ నేనూ పెద్దల కన్నుగప్పి నడుమనే ఒక టెంకను పెరికి చూచేవారం. తేగ ఇంకా చిటికెనవ్రేలంత ఉండేది. అయినా నష్టం లేదు. టెంకను పగులగొడితే లోపల తెల్లని బుర్రగుంజు. మా మామ్మకు మాత్రం సంగతి తెలిసిపోయేది. "పాతరకు లెక్క ఉన్నదిరా అబ్బాయీ" అని ఊరుకొనేది.

పాతర త్రవ్విన నాడు తేగలను కుండలో నిలువుగా కూర్చి, మూతికి గడ్డి కుక్కి, బోర్లించి, చుట్టూ ఎండుటాకులు వేసి తంపట పెట్టేవారు. కమ్మని కమురువాసన వీధి దాకా పోయేది. ఈనాడు పట్టణాలలో ఉడికించి కట్టలు కట్టి అమ్ముతారు. తినవచ్చును, కాని ఆ వాసన రాదు. కాలిన తేగను నిలువునా చీల్చితే నడుమ లేత మొలక ఒకటి ఉంటుంది. దానిని చందమామ అంటాము. తేగకు ఒక్కటే చందమామ, మేము ఇద్దరం. తగవు ఎవరి పక్షాన తీరేదో ఆడపిల్లలున్న ఇండ్లవారికి చెప్పనక్కరలేదు.

పెద్దవారమైన తరువాత పొలం పంపకాలు జరిగినవి. గట్టుమీది తాళ్ళను ఇటుకబట్టీకి కొట్టివేయటానికి ఒప్పుకొన్నవాడిని నేనే. అప్పటి అవసరం అటువంటిది అని చాలకాలం చెప్పుకొన్నాను. చెల్లెలు ఆక్షేపించలేదు. "పాతర దగ్గరి చెట్టు కూడానా అన్నయ్యా?" అని మాత్రం అడిగినది. ఆ చెట్టు కూడా పోయినది.

నిరుడు భాద్రపదంలో ఎక్కడెక్కడివో ఇరవై టెంకలు తెచ్చి, మిగిలిన గట్టున నాటాను. తాడి కాపుకు రావటానికి పన్నెండు పదిహేనేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి పడుతుంది. పోతుచెట్టో ఆడుచెట్టో పూత పూసేదాకా తెలియదు. ఆ ముంజెలు నేను తినబోను. ఈ మాట చెల్లెలికి చెప్పితే కొంతసేపు ఊరుకొని, "ఇరవై చెట్లూ ఉంచుతావా, సంక్రాంతికి నాలుగు త్రవ్వుదామా?" అన్నది.

నాలుగు త్రవ్వినాము.